కూర్మయ్య మోకాలి పంచాయితీ

అరవై ఎనిమిదిలో రాజాం వాళ్లతో జరిగిన చెడుగుడు పోటీలో కూర్మయ్య కూతకెళ్లి ఏడుగురి కింద పడ్డాడు. లేవబోతే కుడి మోకాలు నిలవలేదు, పక్కకు ఒరిగిపోయింది. ఊరు ఓడిపోయింది.

మర్నాడు శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీయించారు. ఎముకలన్నీ భేషుగ్గా ఉన్నాయి. అదే కొంప ముంచింది. ఊరి ప్రెసిడెంటు నరసింగరావు ఆ ఫిలిమును ఎండకేసి పట్టుకుని అందరికీ చూపించాడు.

"ఎక్కడా విరగనేదు, సూడండి! ఓడిపోతన్నామని ఈడు కావాల్నే కూలబడ్డాడు."

పదేళ్లుగా ఊరి కోసం కూత పెట్టినవాడు కూర్మయ్య. ఆ మాటకి అతని ప్రాణం చివుక్కుమంది. పెళ్లాం దాలమ్మ, "ఈళ్లతో నీకేటి? డాక్టరు సెప్పినట్టు ఆపరేసను సేయించుకుందాం, పద" అని మొత్తుకుంది.

"ఈ మచ్చతో ఆ బల్ల మీద పడుకోను" అన్నాడు. మగాళ్లకి మోకాలికన్నా పౌరుషం ముందు పుడుతుంది కాబోలు, ఏం చెప్పమంటారు!

నిజం తేల్చడానికి ఊరి పెద్దలు పన్నెండుమంది కూర్మయ్యను వెంటేసుకుని బస్సెక్కి ఆసుపత్రిలో దిగారు. డాక్టరు డేవిడ్‌రాజు పాపం ఓపిగ్గా చెప్పాడు. కీలును పట్టి ఉంచే లిగమెంట్లు ఎక్స్‌రేలో కనబడవు, చేత్తోనే చూడాలి. కూర్మయ్య మోకాలు మడిపించి, పాదం మీద కూర్చుని, పిక్క పట్టి లాగాడు. కింది కాలు సొరుగులా ముందుకొచ్చింది. పక్కకు వంచితే లోపలివైపు కీలు తెరుచుకుంది.

"రెండు తెగాయి. వారంలోగా కుట్టేస్తే మళ్లీ ఆడతాడు" అని చెప్పి, ఇంకో రోగిని చూడటానికి వెళ్లాడు.

"డాక్టరు సెప్పేస్తే సాలదు. పంచాయితీ అన్నాక అందరం సూడాల" అన్నాడు నరసింగరావు.

వయసు వరసన ఒక్కొక్కరూ పాదం మీద కూర్చుని లాగారు. కూర్మయ్య పళ్లు బిగించి, "ఇంకా లాగండి, బాగా సూడండి" అంటూనే ఉన్నాడు. ఆ పెద్దల్లో ఒకడైన జగన్నాధానికి మాత్రం అనుమానం తీరలేదు. "లోపలేపు సరే, బయటేపు సంగతేటి?" అని అటువైపు శక్తికొద్దీ వంచాడు. టప్పుమంది. పన్నెండుమందీ ఒక్కమాటగా తీర్పు చెప్పారు: కూర్మయ్య అబద్ధమాడలేదు.

డాక్టరు తిరిగొచ్చి మోకాలు పట్టి చూశాడు.

"ఇప్పుడు మూడు. కుడతాను, నడుస్తాడు. ఆట మాత్రం ఇంక లేదు."

కూర్మయ్య బావురుమన్నాడు. నరసింగరావు తనూ కళ్లు తుడుచుకుంటూ అతని భుజం తట్టాడు.

"ఏడవకురా. నికార్సయినోడివని తేలిపోనాది గదా. వచ్చే ఏడు రాజాం మీదకి కూతకెళ్లేది నువ్వే. ఇంకెవుడినీ నమ్మం."