చిటికెన వేలు మందం

నేను ఒక కొలబద్దను. బట్టల కొట్లో గుడ్డ కొలిచే బద్దను కాను, మనుషుల ఎత్తు కొలిచేదాన్ని. ఆరున్నర అడుగుల టేకు ఒళ్లు, ఒంటినిండా అంగుళాల గీతలు, పైకీ కిందకీ జారే చిన్న తలపలక. నా ఆస్తి ఇంతే. నన్ను చేసిన వడ్రంగి వీరాచారి ప్రతి గీతనీ రెండుసార్లు సరిచూసుకుని మరీ చెక్కాడు. "సైన్యంలోకి వెళ్లే సరుకు, ఇందులో తప్పు ఉండకూడదు" అని తనలో తనే అనుకునేవాడు. సరుకంటే నన్నే అనుకుని అప్పట్లో మురిసిపోయాను.

సైన్యంలోకి కుర్రాళ్లను చేర్చుకునే ఆఫీసులో నన్ను గోడకు ఆనించి బిగించారు. ఒక్కసారి నా కింద నిలబడితే మనిషి గుట్టంతా బయటపడిపోతుంది. మడమలు లేపేవాడు ఒకడు, మెడ కొంగలా సాచేవాడు ఒకడు, ఊపిరి బిగబడితే ఎత్తు పెరుగుతుందనుకునేవాడు ఇంకొకడు. ఇంత ఆత్రంగా ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో పాపం వాళ్లకే తెలియదు. మరో వింత కూడా చెబుతాను. అన్నేళ్లలో యుద్ధం చేసి తీరాలన్న పెద్దలెవరూ నా కింద నిలబడిన పాపాన పోలేదు.

తలపలక దించి ఎత్తు చదివే పని హవల్దారు చింతాడ గవరయ్యది. శ్రీకాకుళం వైపు తాళ్లవానిపేట మనిషి. ముక్కుసూటి వాడని పేరు. గీత మీద గీత పడితేనే లోపలికి, లేకపోతే ఇంటికి. అప్పటి హద్దు అయిదడుగుల నాలుగంగుళాలు. బల్ల దగ్గర కూర్చున్న అధికారి తలెత్తకుండానే గవరయ్య చెప్పిన అంకె రాసుకునేవాడు, అంత నమ్మకం.

ఒక ఉదయం బమ్మిడి పోలినాయుడు వచ్చి నా కింద నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లు నిండి నెలైనా కాలేదు. గవరయ్య పలక దించాడు. హద్దుకి పావంగుళం తక్కువ. కుర్రాడు పెదవులు కదపకుండా గొణిగాడు.

"సిన్నాన్నా, నాను పోలిగాడిని. తవుడమ్మ కొడుకుని. ఎనక్కెల్తే అమ్మ మొకం ఎలాగ సూసీది? మీ ఊరోడిని కదా, ఒక్కపాలి సూడు."

తవుడమ్మ ఎవరో గవరయ్యకు బాగా తెలుసు. వరసకు వదిన. మొగుడు పోయాక మూడెకరాల మెట్టనీ ఈ ఒక్క కొడుకునీ పట్టుకుని నెట్టుకొస్తోంది. గవరయ్య పలకను మళ్లీ ఎత్తాడు. మళ్లీ దించేటప్పుడు కుర్రాడి నెత్తికీ పలకకీ మధ్య తన చిటికెన వేలు పెట్టాడు. చిటికెన వేలు మందం అరంగుళం. ఎవరూ చూడలేదు. నేను చూశాను, కానీ నాకు నోరెక్కడిది?

"అయిదడుగుల నాలుగుంపావు, సార్!" అని గట్టిగా చెప్పాడు.

జాలితోనే చేశాడు. ఆ మాట నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను. పోలినాయుడు వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి ఒక నవ్వు నవ్వాడు. అంత సంతోషం నిండిన మొహాన్ని నేను మళ్లీ చూడలేదు.

పద్నాలుగు నెలలకు సరిహద్దులో యుద్ధం వచ్చింది, పద్దెనిమిది రోజులు జరిగి ఆగింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు ఆగిందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పదిహేనో రోజున మంచుకొండ మీద పోలినాయుడు చనిపోయాడు. కబురు తెలిసిన మర్నాడు గవరయ్య ఎప్పటిలాగే పనికి వచ్చాడు. ఆ వారంలో నిఖార్సుగా సరిపోయిన ముగ్గురు కుర్రాళ్ల నెత్తిన పలకను అదిమి, తక్కువని చెప్పి ఇంటికి పంపేశాడు. వాళ్లు తిట్టుకుంటూ, ఏడుస్తూ వెళ్లారు. ముగ్గురిని ఆపినంత మాత్రాన పోయినవాడు తిరిగి వస్తాడా? నాలుగో రోజుకి ఆ సంగతి అతనికీ అర్థమైంది, మానేశాడు.

తర్వాత సెంటీమీటర్లు వచ్చాయి, నన్ను మూలన పడేశారు. పింఛను తీసుకుని ఊరికి వెళుతూ గవరయ్య పైవాళ్లను అడిగి మరీ నన్ను తెచ్చుకున్నాడు. ప్రేమ కొద్దీ అనుకుంటారేమో, కాదు. నేను ఇంకెవరి చేతుల్లోనో ఉంటానన్న ఊహే అతను భరించలేకపోయాడు. వసారాలో గీతలు కనబడకుండా గోడవైపు తిప్పి నిలబెట్టాడు. పదకొండేళ్లు నేను సున్నం గోడనే చూశాను. వెనకాల అతను అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం వింటూనే ఉండేదాన్ని. నేను గోడకు చిక్కాను, అతను నాకు చిక్కాడు.

అన్నిటికన్నా అతన్ని నలిపేసింది తవుడమ్మ మంచితనం. కొత్త బెల్లం వండితే ముందు ఈ ఇంటికే తెచ్చేది. "నా గుంటడు కోరుకున్న బతుకు నువ్వే ఇచ్చినావు మరిదీ" అనేది. ఆవిడ గుమ్మం దిగగానే గవరయ్య వచ్చి నా వీపుకి తల ఆనించి నిలబడేవాడు. నిజం ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో, ఎన్నిసార్లు మింగేశాడో నాకే తెలుసు.

ఇలా ఉండగా ఊరివాళ్లు పోలినాయుడి పేరున స్మారక మందిరం కట్టారు. వీరుడి ఎత్తు కొలిచిన బద్ద గవరయ్య ఇంట్లో ఉందని ఎవరికో గుర్తొచ్చింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతారు, ఏం చెబుతాడు? ఇచ్చేశాడు. మందిరం గోడకు నన్ను మూడు ఇనుప పట్టీలతో బిగించారు. తలపలక మాటిమాటికీ జారిపోతోందని కాగితాల్లో ఉన్న ఎత్తు దగ్గర దానికి మేకు కొట్టేశారు. అయిదడుగుల నాలుగుంపావు. కింద రంగుల అక్షరాలతో కాగితం అతికించారు. నిజం చెప్పడం తప్ప ఇంకే పనీ రాని నన్ను అబద్ధం మీద మేకుతో దిగ్గొట్టారు. గవరయ్యకు శాలువా కప్పారు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి, ఇలాంటి బిడ్డలు ఇంకా వందలమంది కావాలన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కింద గవరయ్య కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది, చిటికెన వేలు లోపల దాచుకుని.

మర్నాడు పొద్దున్నే తవుడమ్మ మందిరం ఊడవడానికి వచ్చింది. వెనకాలే గవరయ్య వచ్చాడు. గడప దాటలేదు.

"వదినా, నీ కొడుకు సరిపోనేదు. పావంగులం తక్కువొచ్చినాడు. నానే ఏలెట్టి ఎక్కువ సెప్పినాను. పెట్టకపోతే ఈపాటికి నీ దగ్గిరే ఉండీవోడు. ఆడ్ని సంపినోడిని నానే."

చీపురు ఆగింది. ఆవిడ నన్ను చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"పొద్దెక్కీకొద్దీ మనిసి కురసైపోతాడని ఎవురో సెప్పినారు మరిదీ. అందుకని ఆ దినం ఆడ్ని బండిలో తొంగోబెట్టి పంపినాను. రైలుకాడ దాకా లెగనియ్యొద్దని బండోడికి ఒట్టేయించినాను. మంచినీల్లు కూడా తొంగునే తాగినాడట. లేపోతే ఇంకా తక్కువొచ్చీసీవోడు. ఇన్నేల్లూ నానే పంపినానని ఏడుస్తన్నాను. నీకు బెల్లం అట్టుకొచ్చినప్పుడల్లా సెప్పీదామనుకున్నాను, నోరాడ్నేదు."

గవరయ్య గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నన్ను సెమించీ వదినా" అన్నాడు.

"నానెక్కడ సెమించగల్ను? నన్ను నాను సెమించుకుంటే కదా! నువ్వు ఏలెట్టినావు, నాను బండెక్కించినాను. యుద్దం పెట్టినోలు మాత్రం ఒక్కలూ వచ్చి ఇలాగ గడపలో కూకోనేదు." కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు వేలు చూపింది. "లెగు. ముందు ఆ మేకు పీకీ. ఆడెంత ఉండీవోడో అంతే ఉంచు."

గవరయ్య ఇంటికి వెళ్లి పట్టకారు తెచ్చాడు. మేకు మూలుగుతూ ఊడివచ్చింది. పలకను చిటికెన వేలు మందం కిందకి దించి, పట్టి చూసి, మళ్లీ మేకు కొట్టాడు. అయిదడుగుల మూడుంముప్పావు. వీరాచారి చెయ్యి దాటాక నాకు కలిగిన ఒకే ఒక్క ఊరట అది. ఆ మార్పు ఇప్పటిదాకా ఊళ్లో ఎవరూ గమనించలేదు. వచ్చినవాళ్లు కింద కాగితం చదువుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోతారు.

ఆ పొద్దున తవుడమ్మ చీపురు కిందపెట్టి నా దగ్గరకు వచ్చింది. కుర్రాడి నెత్తి నిమిరినట్టు పలక మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ ఎత్తుకైతే ఆడు వారంలోనే ఇంటికొచ్చీసీవోడు" అంది.

రోజూ ఊడ్చాక ఇప్పటికీ ఒకసారి అక్కడ చెయ్యి ఆనించే వెళుతుంది.