కువైట్ నుంచి వచ్చిన సుందరం

కృపారాణి మొగుడు సుందరం మూడేళ్లుగా కువైట్‌లో ఉన్నాడని మైదుకూరు దగ్గరి ఆ ఊళ్లో వీధి వీధంతా నమ్మింది. నమ్మించింది కృపారాణే. ఎర్రచందనం లారీకి కూలీగా పోయి దొరికినవాడు కడప జైల్లో కూరగాయల మడులకు నీళ్లు కడుతున్నాడని ఆమెకూ, అత్త విశ్వాసమ్మకూ, పైనున్న దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. నెలకోసారి ములాఖత్‌కు పోయేటప్పుడు అత్త మోకాళ్లకు మందు తేవడానికని చెప్పేది. ఆ మందంతా నిజంగా మింగి ఉంటే విశ్వాసమ్మ ఈపాటికి పరుగుపందెంలో కప్పు గెలవాల్సింది.

కువైట్ నుంచి వచ్చినవాడు ఇంటింటికీ ఖర్జూరాలూ, అత్తరు సీసా, తలనొప్పి బామూ పంచడం ఆ చుట్టుపక్కల ఆచారం. అందుకని విడుదలైన రోజు జైలు గేటు దగ్గర మొగుణ్ణి చూసి ఏడ్వాల్సినంత ఏడ్చి, ముక్కు తుడుచుకొని, కృపారాణి అతన్ని నేరుగా కడప బజారుకు తీసుకుపోయింది. చక్రాల పెట్టె కూడా కొనింది.

మాడిన మొహం కలిసొచ్చింది. ఎడారి ఎండ అలాంటిదని వీధి జాలిపడింది. కాకపోతే అన్నం వేళకు సుందరం పళ్లెం పట్టుకొని వాకిట్లో నిలబడేవాడు, తనకంటే ముందు వరుసలో ఇంకెవరో ఉన్నట్టు. కృపారాణి లోపలికి లాక్కుపోయేది.

ఆమె భయమంతా ఎదురింటి కృష్ణవేణమ్మ గురించి. ఆమె భర్త మారెన్న ఏడాదిగా నిజంగానే కువైట్‌లో ఉన్నాడు. ఆమె గనక రెండు ప్రశ్నలు వేసిందా, సుందరం ఈ ఊళ్లో తలెత్తుకొని తిరగడం కల్ల. ఎటైనా పోయి బతుకుదామని అతను అప్పటికే ఓసారి అన్నాడు.

మూడోరోజు కృష్ణవేణమ్మ రానే వచ్చింది. ఖర్జూరం నోట్లో వేసుకొని బాగుందంది. తన భర్త రాత్రుళ్లు ఫోన్ చేస్తుంటాడనీ, మేడమీద గది ఇచ్చారనీ చెప్పింది. కృపారాణి ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

"మా ఆయప్పను యాడన్నా చూసినావా సుందరం?"

సుందరం పెండ్లాం వైపు చూడలేదు. "చూసినా వదినా. ఇద్దరిదీ ఒగటే కంపెనీ."

చీపురు ఆగింది. మొగుడు ఇంత ఆరితేరాడని కృపారాణికి తెలియదు. కృష్ణవేణమ్మ మొహంలో మాత్రం రంగు పోయింది. ఏం కంపెనీ అని మెల్లగా అడిగింది.

"గోడలు శానా ఎత్తుంటాయి. టమోటా మడులుంటాయి. అన్నను పోయిన నెల వంటింట్లోకి మార్చినారు."

ఆమె ఖర్జూరం గింజను నోట్లోంచి చేతిలోకి తీసుకుంది. "తింటాండాడా?"

"తింటాండాడు. ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్న్యాడు. కానీ మనోళ్లొచ్చినారని పేర్లు పిలిచినప్పుడల్లా తలకాయెత్తి చూస్తాడు వదినా. ఒగసారి పో."

ఎవరి కంటనైనా పడతానని ఏడాదిగా కడప బస్సే ఎక్కలేదామె. కొంగుతో మొహం తుడుచుకొని, ఆ కంపెనీలోకి ఆడవాళ్లను రానిస్తారా అని నేల చూస్తూ అడిగింది.

సుందరం నోరు తెరిచేలోగా కృపారాణి చీపురు మూలకు పడేసింది.

"రానిస్తారక్కా. ఆధార్ కార్డు తీసుకపోవల్ల. దోవ నాకు తెలుసు, రేపు పొద్దున బస్సుకు పోదాం."

కృష్ణవేణమ్మ తలెత్తి ఆమెను చూసింది. ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది గానీ ఎవరు మొదలుపెట్టాలో తేలలేదు. చివరికి నవ్వింది కృష్ణవేణమ్మే. తర్వాత గొంతు తగ్గించి, మారెన్నకు ఉర్లగడ్డ తాళింపంటే ప్రాణమనీ, చేసుకొస్తే లోపలికి పోనిస్తారా అనీ అడిగింది. పోనివ్వరని చెప్పి, ఏమేం పోనిస్తారో కృపారాణి ఒక్కొక్కటే వివరంగా చెప్పసాగింది.