అమ్మకానికి తుడిచిన ఇల్లు

"రేలీన్ గారూ, ముందు గోడల మీది ఫోటోలన్నీ దించెయ్యండి. ఈ ఇంట్లో మనుషులు బతికినట్టే కనబడకూడదు," అన్నాడు ఇళ్ళమ్మిపెట్టే ఏజెంటు జారెడ్, ఆవిడ పెట్టిన కేకు నములుతూ.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇతగాడేమో ఇల్లాలి ఆనవాలు లేకుండా తుడిచేసి ఇల్లు చూపిస్తానంటాడు. తుడవాల్సింది మళ్ళీ ఆ ఇల్లాలే! పళ్ళు తోముకునే బ్రష్షులు దాచాలి. వంటగట్టు మీద నిమ్మకాయల గిన్నె తప్ప ఏదీ ఉండకూడదు. జనం వచ్చే ముందు దాల్చినచెక్క వేసి బన్నులు కాల్చాలి, తినడానికి కాదు, వాసనకి. శనివారం ఇల్లు చూపించే ఆ అరగంటా ఇంటివాళ్ళు గడప దాటి పోవాలి. ఇల్లు వేలం పాటలో అమ్మే రోజు లోపు ఇలాంటి శనివారాలు నాలుగు. మొగుడు నెవిల్ అన్నిటికీ తలూపాడు. ఊపడానికేం పోయింది, చీపురు పట్టేది అతను కాదుగా.

ఇల్లమ్మి, కారు వెనక తగిలించుకు తిరిగే చక్రాల ఇల్లు, అదే కారవాన్, కొని ఆస్ట్రేలియా అంతా చుట్టి రావాలని అతని సరదా. రేలీన్‌కి ఈ బెండిగో ఊళ్ళోనే ఒక చిన్న ఫ్లాటు చాలు. నాలుగు గులాబీ మొక్కలు, పేరు పెట్టి పలకరించే లైబ్రరీ, తలుపేసుకుంటే తనదే అయ్యే ఒక గది. ఆ మాట ఎత్తబోతే, "నీ పనే కదా తగ్గేది! కారవాన్ తుడవడానికి పది నిమిషాలు చాలవూ?" అన్నాడు. ఎవరు తుడవాలన్న ప్రశ్న ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ కొంపలో పుట్టనే లేదు. "మావాడు కట్టిన ఇల్లు, జాగ్రత్తగా చూసుకో," అనేది అత్తగారు. మంచాన పడ్డ ఆవిడకి చివరి రెండేళ్ళూ ఒళ్ళు తుడిచింది రేలీనే. అప్పుడూ ఆవిడ అదే మాట అంది. బడి క్యాంటీనులో పొద్దంతా శాండ్‌విచ్‌లు చేసి తెచ్చిన జీతం ఏ గోడలో కలిసిందో ఎవరూ అడగలేదు.

మూడో శనివారం నెవిల్ కారవాన్ చూడాలని కారేసుకుని పోయాడు. పెళ్ళాన్ని తీసుకెళ్ళాలన్న సంగతే మర్చిపోయాడు. ఆవిడ నేల తుడుస్తూండగానే గేటు దగ్గర మాటలు వినిపించాయి. సిగ్గేసి, తుడిచే కర్రతో సహా బట్టలుతికే గదిలో దూరింది. తన ఇంట్లో తనే దొంగలా! తలుపు తెరుచుకుంది. ఒక కుర్ర జంట. ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి.

"ఓ, పనావిడా! కానివ్వండి, కానివ్వండి," అన్నాడతను.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. "ఏమండీ, ఈ ఇల్లంతా శుభ్రం చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఏమోనమ్మా, నాకింకా అవలేదు," అంది రేలీన్.

అతను పకపకా నవ్వి, "నీకెందుకే కంగారు, ఇదేమంత పెద్ద కొంప!" అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు. కొనకమ్మా అన్న మాట రేలీన్ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినవాళ్ళతో ఇంటివాళ్ళు మాట్లాడకూడదని జారెడ్ హుకుం. ఇల్లు నాదే అనైనా అనలేకపోయింది. వాళ్ళు వెళ్ళాక అక్కడే, మురికి నీళ్ళ బకెట్టు పక్కన కూలబడి ఏడ్చింది.

సాయంత్రం ఈ సంగతి విని నెవిల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పనావిడా! జీతం అడక్కపోయావా!"

వేలం నాడు ముందు పచ్చికలో వీధి వీధంతా కాఫీ కప్పులతో నిలబడి వినోదం చూసింది. ఇల్లు ఆ జంటకే దక్కింది. వంటగదిలో జారెడ్ కాగితాలు పరిచాడు. నెవిల్ సంతకం గీకేశాడు. "ఇక్కడ మీరు కూడా," అన్నాడు జారెడ్. రేలీన్ చేసింది. నిలబెట్టుకోవడానికి అక్కడ తనదంటూ ఏం మిగిలిందని?

"ఇల్లు అప్పగించాక మీ ఇద్దరికీ ఉత్తరాలు ఏ చిరునామాకి పంపాలి?" అడిగాడు జారెడ్.

"మాకింక కారవానే ఇల్లు. మా పెద్దాడి చిరునామా రాసుకో," అన్నాడు నెవిల్ హుషారుగా.

"అది ఆయనకి రాయి బాబూ," అంది రేలీన్. "నాది ఖాళీగా ఉంచు. ఎక్కడుంటానో నాకూ తెలీదు. ఆయనతో మాత్రం ఉండను."