పట్టుపురుగుల షెడ్డు బయట

చింతామణి ఊరివాళ్ళ సంగతి చెప్పాలంటే, తిరుపతిలో ఏ సత్రంలో వేడినీళ్ళు దొరుకుతాయో వాళ్ళకు తెలుసు, ధర్మస్థలకు బస్సు ఎన్నింటికో తెలుసు. సొంత ఊరి చుట్టూ ఏముందో మాత్రం తెలీదు. అడిగితే టమాటా మండీ ఉండాది కదా అంటారు. శ్రీరంజనీ మొన్నటిదాకా ఆ బాపతే. నలభై ఆరేళ్ళొచ్చాయి, హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, అంబాజీదుర్గం కొండను రోజూ చూడటమే గానీ ఏనాడూ ఎక్కిన పాపాన పోలేదు.

ఎప్పుడు ఎక్కుతుంది పాపం! ఆమె పెళ్ళి మాట పెద్దవాళ్ళు వాయిదా వేసి వేసి చివరికి మర్చేపోయారు. తండ్రి పోయాక తల్లి అంబుజాక్షి మంచం పట్టింది. పదకొండేళ్ళు శ్రీరంజనే ఆమెకు చాకిరీ చేసింది. పోయినేడు ఆ తల్లీ పోయింది. వారమంతా పిల్లల గోలలో ఎలాగో గడిచిపోయేది. ఆదివారం వస్తే ఇల్లు మీదపడి కరిచేది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చి, గొంతు పనిచేస్తోందా లేదా అని దగ్గి చూసుకున్న రోజులున్నాయి.

ఆ బాధ పడలేకే వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. ప్రతి ఆదివారం మన చుట్టుపక్కలే, మనం చూడని చోటికి పోదాం రండి అంది. ఒక వారం కొండ వెనకవైపు కాలిబాట, ఒక వారం పాడుబడ్డ మెట్లబావి, ఇంకో వారం బట్లహళ్ళి వైపు చింతతోపులో వంట. పది పన్నెండుమంది వచ్చేవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, అక్కాచెల్లెళ్ళు, అందరూ జతలు జతలుగా. జత లేనివాళ్ళు ఇద్దరే. ఒకరు శ్రీరంజని, ఇంకొకరు ఆ ఏడే స్కూలుకొచ్చిన సైన్సు టీచరు నేత్ర. పరగోడు అనే పల్లెలో రైతుల పిల్ల, ముప్పై దాటలేదు, హాస్టల్ గదిలో ఉంటోంది. టెంపోలో ఇద్దరూ పక్కపక్కన కూచునేవాళ్ళు.

ఈ ఆదివారం నేత్రను అడిగెయ్యాలని శ్రీరంజని గట్టిగా అనుకుంది. వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి మా ఇంట్లో ఉండు, నాకు తోడుగా ఉండు అనాలి. ఇంతే మాట. దీనికి ఆరు ఆదివారాలు నోరు పెగల్లేదు!

పోవాల్సింది శిడ్లఘట్ట దాటాక ఒక పల్లెలో నేత్ర పెద్దమ్మ లక్ష్మీదేవమ్మ పెంచే పట్టుపురుగుల్ని చూడటానికి. నేత్ర ముందురోజే అక్కడికి వెళ్ళి, గ్రూపులో జాగ్రత్తలు రాసింది. పురుగులు నాలుగో జ్వరం లేచాయట. అంటే నాలుగోసారి పొర విడిచి, ఇక గూడు కట్టేదాకా తిండే తిండి. ఈ వారంలో ఏ ఘాటు వాసన తగిలినా నెల కష్టం గంగలో కలిసినట్టే. కాబట్టి సెంటు, పౌడరు, పూలు, ఊదొత్తి ఏవీ వద్దు.

శ్రీరంజని అన్నీ పాటించింది. తరతరాలుగా గుడి సేవ చేసిన వంశం వాళ్ళది, ఊదొత్తి లేని పూజ ఆ ఇంట్లో అదే మొదలు. ధైర్యం కోసం మాత్రం అమ్మ చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది. ఏడాదిగా అమ్మ బీరువా తెరిచి, ఆ చీరలో ముఖం దాచుకుంటే అమ్మ వాసన వచ్చేది. ఇవాళ ఆ వాసన ఒంటిమీద ఉండాలనుకుంది.

షెడ్డు గుమ్మంలో అందరూ పురుగులకు రోగం సోకకుండా సున్నం పొడిలో కాళ్ళు అద్దుకుని ఒక్కొక్కరే లోపలికి పోయారు. శ్రీరంజని వంతు వచ్చేసరికి లక్ష్మీదేవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు బయటే ఉండు తల్లీ. చీరకు గుళిగెల వాసన వస్తాండాది."

"గుళిగెలా? ఇది మా అమ్మ చీరమ్మా. ఇది అమ్మ వాసన."

"బీరువాలో పురుగు పట్టకుండా వేస్తారే, ఆ తెల్ల గుళిగెలమ్మా. మా పురుగులు బతకవు."

శ్రీరంజని పైట కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. కలరా ఉండలు! వేసింది తనే కదా, కర్మకాండలు అయిన మర్నాడు, పిడికెడు. ఏడాదిపాటు తాను గుండెకు హత్తుకున్నది దీన్నా? సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు వెనకే దుఃఖం తన్నుకొచ్చింది. అమ్మ వాసన ఎప్పుడు పోయిందో తనకు తెలియనే తెలీదు.

దూరంగా మల్బరీ గట్టు మీద పోయి కూచుంది. లోపల్నుంచి అందరి ముచ్చట్లూ వినిపిస్తున్నాయి. ఈ తిరుగుళ్ళన్నీ మొదలుపెట్టింది తను, చివరికి బయట మిగిలిందీ తనే. కాసేపటికి నేత్ర వచ్చి పక్కన కూచుని, గుళిగెల సంగతీ ముందే రాసుండాల్సింది అని నొచ్చుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించి శ్రీరంజని అడిగేసింది, తడబడుతూనే అయినా మొత్తం అడిగేసింది.

నేత్ర ఒక మల్బరీ ఆకు తుంచి, దాన్నే చూస్తూ అంది.

"రెండు నెలల కింద అడిగింటే వచ్చింటాను మేడం. నేనే ఆ గది అడుగుదామని మీ ఇంటికి వస్తిని. మీరు బీరువా తెరిచి, అమ్మ యాడికీ పోలేదు, ఈడే ఉండాది అంటిరి. ఈ ఇంట్లో ఇంకొకరికి చోటు లేదనుకొంటిని."

తనూ ఇంకో ఇద్దరు టీచర్లూ కలిసి ఇల్లు చూసుకున్నారట. సామాను మార్చుకునేది ఈ సాయంత్రమేనట. అంతలో టెంపో హారన్ కొట్టింది. శిడ్లఘట్టలో భోంచేద్దామని అందరూ తొందరపడుతున్నారు. శ్రీరంజని నవ్వు తెచ్చుకుని, నువ్వు పో, నేను బస్సులో వస్తానులే అంది. నేత్ర రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి ఎక్కింది.

ఇంత దూరమొచ్చి చూడకుండా పోతావా అని లక్ష్మీదేవమ్మ ఊరుకోలేదు. స్నానానికి నీళ్ళు పెట్టింది, తన నూలుచీర ఒకటిచ్చింది. శ్రీరంజని తలమీంచి పోసుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. పచ్చచీరను మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసి, దూరంగా కొయ్యకు తగిలించింది. ఆమెను షెడ్డులోకి తోలి లక్ష్మీదేవమ్మ ఆకు కొయ్యడానికి వెళ్ళిపోయింది.

లోపల అరల నిండా పురుగులే. వేలెడంత పొడుగు, తెల్లగా, బొద్దుగా ఉన్నాయి. వేలవేల నోళ్ళు ఆకు తింటుంటే రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంది. ఒక పురుగు ఆకు అంచు కొసదాకా తినేసి, ఇంకేదీ అన్నట్టు తలెత్తి అటూ ఇటూ చూసింది. శ్రీరంజనికి నవ్వాగలేదు.

"చూడు, చూడు దీన్ని" అని పిలుస్తూ పక్కకు తిరిగింది. నోట్లోంచి వచ్చిన పిలుపు అమ్మా అని కాదు, నేత్రా అని. పక్కన ఎవరూ లేరు.