ఎదురింటివాళ్లు కట్టవలసిన తాడు

జీపు విజయనగరం దాటేసరికి ఇందుమతి ఇల్లు వెనకాలే వస్తోంది. విశాఖపట్నంలో ఐదో అంతస్తులో ఉండవలసిన ఫ్లాటు, బాల్కనీతో సహా, ఆరేసిన బట్టలతో సహా, లారీలకు దారి ఇచ్చుకుంటూ రోడ్డుకి ఎడమ పక్కగా వస్తోంది. ముందుగా అద్దంలో చూసినవాడు డ్రైవరు గౌరునాయుడు.

ఆ ఇల్లు మీదేనా మేడమ్ అని అడుగుతాడు. మాదేనంటుంది ఇందుమతి. ఐతే కొంచెం నిదానంగా పోదామంటాడు గౌరునాయుడు, అలవాటు లేని ఇల్లు కదా అని.

తుఫాన్లు వచ్చినా ఊళ్లు ఎలా నిలదొక్కుకుంటున్నాయో చూసి రమ్మని ఆమె పనిచేసే సంస్థ పంపింది. సముద్రంలో వాయుగుండం ఉంది. అది తీరం దాటేలోగా నాలుగు ఊళ్లైనా తిరగాలి. ఇంట్లో భర్త చలపతి ఉన్నాడు, కాలికి పిండికట్టుతో. దిగమంటే దిగలేడు. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు పెద్దలు. లోకమంతా గాలికి ఎలా తట్టుకోవాలో చెప్పడానికి బయలుదేరిన మనిషి ఇల్లు గాలికి వదిలేసినట్టు రోడ్డున పడింది.

మొదటి ఊళ్లో జనం బావుల్ని చాపల్లా చుట్టి అటకల మీద పెట్టుకుంటున్నారు. ఉప్పునీళ్లు చేరితే మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుందట. ఒకావిడ బావి చుట్టడం చూపించింది. అంచు దగ్గర తడి గుడ్డతో తుడిచి, లోపలి నీళ్లు తొణక్కుండా నెమ్మదిగా చుట్టాలి. ఇందుమతి శ్రద్ధగా తలూపుతోంది గాని చూపంతా వెనకే ఉంది. ఇల్లు నేల మీద లేదు. మూరెడు ఎత్తున నిలబడి ఉంది.

చలపతి ఫోన్ చేస్తాడు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని. పొయ్యి పక్కన రెండో అరలో ఉందని చెబుతుంది. ఇంకేమైనా తేడాగా ఉందా అని అడుగుతుంది. ఏమీ లేదు, కాస్త ఊగుతోంది, అంతే అంటాడు. ఇల్లు నేల వదిలేసిందని ఇందుమతికి తెలుసు. ఆ సంగతి ఆయనకు చెప్పదు.

రెండో ఊళ్లో కొబ్బరిచెట్లు పడుకుంటున్నాయి. గాలి వాసన తగలగానే వాటంతటవే తోటలో వరసగా ఒరిగి, తలకింద దిండు పెట్టేదాకా కళ్లు మూసుకోవు. పోయినసారి మొండికేసి నిలబడ్డ చెట్లన్నీ విరిగాయనీ, వీటికి బుద్ధొచ్చిందనీ తోట యజమాని అంటున్నాడు. ఇల్లిప్పుడు ఆ పడుకున్న చెట్ల మీదుగా, మనిషి మీద మనిషి నిలబడితే అందేటంత ఎత్తున ఉంది.

ఇంక ఆగలేక ఇందుమతి జీపులో ఉన్న మోకు తీసుకుంటుంది. గౌరునాయుడు భుజాల మీదెక్కి, బాల్కనీ ఊచలకు ఒక కొస, జీపు బంపరుకు ఒక కొస కడుతుంది. తన చేతులతో, పళ్లు బిగించి, మూడు ముళ్లు వేస్తుంది. ముళ్లు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో విప్పుతున్నంత మర్యాదగా విడిపోతాయి. ఇల్లు ఇంకాస్త పైకి లేస్తుంది. చలపతి మళ్లీ ఫోన్ చేస్తాడు.

"కిటికీలోంచి చూస్తే కొంగలు కిందగా పోతున్నాయి. ఇది మామూలేనా?"

మామూలేనంటుంది. అబద్ధం చెప్పినందుకు నోరు చేదెక్కుతుంది.

మూడో ఊరు బెస్తలది. రేవులో పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. ప్రతి ఇంటి కప్పు మీదుగా కొబ్బరి తాళ్లు వేసి తాటిచెట్లకు బిగిస్తున్నారు. ఐతే ఎవరూ తమ ఇంటి దగ్గర లేరు. ఈ ఇంటివాళ్లు ఎదురింటి కప్పు మీద, ఎదురింటివాళ్లు ఈ కప్పు మీద. ముడి బిగించేటప్పుడు వంగి, ఆ ఇంటివాళ్ల పేరు ముడిలోకి చెబుతున్నారు. పోలమ్మ అనే ఆవిడ పని ఆపి, ఆకాశంలో ఉన్న ఫ్లాటు వంక తలెత్తి చూస్తుంది.

"ఎవులు కట్నారమ్మా ఆ ఇల్లు?"

"నేనే కట్టాను. ఊడిపోయింది."

"ఎవులిల్లు ఆలు కట్టుకోకూడదమ్మా. నీది నువ్వు కట్టుకుంతే గాలికి నవ్వొస్తాది."

మీరు కడతారా అని ఇందుమతి బతిమాలుతుంది. తాము దారిలో తగిలినవాళ్లమేననీ, ఎదురింటివాళ్లే కట్టాలనీ, వాళ్ల పేరు పెట్టి పిలవమనీ పోలమ్మ చెబుతుంది.

విశాఖపట్నంలో ఎదురింటి తలుపు ముందు ఎర్ర అంచు చెప్పులుంటాయి. పొద్దున్నే పాల ప్యాకెట్టు ఉంటుంది. ఇంగువ పోపు వాసన వస్తుంది. ఏళ్ల తరబడి ఎదురుగా ఉండి ఇందుమతికి తెలిసింది అంతే. పేరు తెలియదు. పోలమ్మ తాటిచెట్టు మొదలు చూపించి, ఒక తాడు చుట్ట ఆమె భుజాన వేస్తుంది.

అప్పుడు కనిపిస్తుంది, తన ఇంటి నీడలో ఇంకో ఫ్లాటు. ఇంతసేపూ ఇదీ వెనకే వచ్చినట్టుంది. ఇంకా అంత ఎత్తు లేవలేదు, గుమ్మం ముందరి కాళ్లు తుడుచుకునే పట్టా ఇసకను రాసుకుంటోంది. ఎర్ర అంచు చెప్పులు అక్కడే ఉన్నాయి. ఇందుమతి కాలింగ్ బెల్ కొడుతుంది. చేతికి శనగపిండితో ఒక స్త్రీ తలుపు తీస్తుంది.

"మీరు మూడు విజిళ్లకు కుక్కరు దించే ఆవిడ కదూ," అంటుంది.

అవునంటుంది ఇందుమతి. పేరు అడుగుతుంది. విశాలాక్షి అట. ఇందుమతి గుమ్మానికి తాడు వేసి, తాటిచెట్టు చుట్టూ తిప్పి, వంగి, విశాలాక్షి అని ముడిలోకి చెబుతుంది. ముడి బిగుస్తుంది. ఇల్లు ఇసకలోకి కూర్చుంటుంది.

గాలి మొదలైంది. పైన చలపతి కిటికీలో గరిటె పట్టుకుని నిలబడి, వేలెడంత కనిపిస్తున్నాడు. పోలమ్మ ఇచ్చిన తాడు అయిపోయింది. విశాలాక్షి చేతులు చీరకు తుడుచుకుని దగ్గరికొస్తుంది.

"మీ పేరు?"

ఇందుమతి నోరు తెరుస్తుంది. పేరు రాదు. నాలుక మీంచి తడి తాడు కొస ఒకటి బయటికొస్తుంది. విశాలాక్షి దాన్ని పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు చేతి తర్వాత చెయ్యి వేసి లాగుతుంది. తాడు వస్తూనే ఉంది, బారలకు బారలు, కొబ్బరి పీచు వాసనతో. కొసను పైకి విసురుతుంది. చలపతి గరిటెతో అందుకుని కిటికీ ఊచకు చుడతాడు. ఆ ముడి విశాలాక్షి వేయవలసింది కదా అని ఇందుమతి భయపడుతుంది గాని, అనడానికి నోట్లో ఖాళీ లేదు. ఈలోగా విశాలాక్షి తాడు పట్టుకుని ఎగబాకి పైకి చేరుతుంది, చలపతి చుట్టింది విప్పి, మళ్లీ కట్టి, ఆయన్నడిగి తెలుసుకున్న పేరు ముడికి పెదవులు ఆనించి చెబుతుంది.

ఇల్లు ఆగుతుంది.

సముద్రం రేవు దాటి పోలమ్మ వాళ్ల గుమ్మాల దాకా వస్తోంది. ఇందుమతి తాటిచెట్టును రెండు చేతులా కావలించుకుని నిలబడి ఉంది. గాలి వీచినప్పుడల్లా పళ్ల మధ్య తాడు బిగుస్తోంది. పైనుంచి కుక్కరు రెండో విజిల్ వినిపించింది. మూడోదానికి ఎవరు దించుతారో అని ఆమె తలెత్తి చూస్తోంది.