బెల్టు లైటు ఆరాకే

చల్లన్న అసలు పేరు గుర్తింపు కార్డుకు తప్ప ఎవరికీ తెలియదు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు కాబట్టి చల్లన్న. పని పూర్తయ్యాక ఏ ముసలమ్మైనా "చల్లగా ఉండు నాయనా" అని దీవిస్తే, "నేనుంటే ఏం లాభమమ్మా, మీ ఫ్రిజ్ ఉండాలి గానీ" అనేవాడు. ఆ నవ్వులు సద్దుమణిగాక ఒక పాఠం చెప్పి మరీ వచ్చేవాడు: "తలుపు మాటిమాటికీ తెరవకండి. చల్లదనం ఉందా లేదా అని చూస్తే, చూసినంతసేపూ పోతూనే ఉంటుంది."

ఆర్నెల్ల కింద భార్య పోయింది. అప్పట్నుంచీ గడ్డకట్టించడం వృత్తి, గడ్డం పెంచడం ప్రవృత్తి అయ్యాయి. మాటల విరుపులు మాత్రం ఆగలేదు. ప్లగ్గు పీకేశాక కూడా కాసేపు తిరిగే ఫ్యానులా వాటంతటవే తిరుగుతున్నాయి. చెబుతున్నవాడికే నవ్వు రావడం లేదు.

ఇంట్లో ఫ్రీజర్ పై అరలో ఒక డబ్బా ఉంది. మూత మీద తెల్ల టేపు, టేపు మీద ఆవిడ రాత: 'ప్రయాణానికి. ఎవరూ ముట్టుకోవద్దు.' లోపల టమాటా సూపు. అది చేసిపెట్టిన వారానికే ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది. డబ్బా ఉండిపోయింది.

ఏటా దసరాకూ వేసవికీ బడి సెలవుల్లో విమానంలో ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లడం వాళ్లకు అలవాటు. విమానంలో అమ్మేది ఆవిడ ఏనాడూ కొననివ్వలేదు. బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు, యాపిల్ ముక్కలు ఇంట్లోంచే వచ్చేవి. సీసాలు ఖాళీగా తెచ్చి, తనిఖీ దాటాక నింపేది. ఒకసారి తనిఖీ ఆఫీసరునే నిలదీసి, "ద్రవం వద్దన్నారు సరే, రాయిలా గడ్డకట్టినదైతే?" అని అడిగింది. అయితే ఫర్వాలేదన్నాడాయన. అంతే, మరుసటి ప్రయాణం నుంచి సూపు కూడా గడ్డై ప్రయాణం చేసేది, ఆకాశంలో కరిగి సూపయ్యేది. ఫ్రిజ్ మెకానిక్‌కే ఘనపదార్థం సంగతి నేర్పిన ఘనురాలని చల్లన్న అందరికీ చెప్పుకునేవాడు.

ఆవిడదే ఇంకో కట్టడి. సీటు బెల్టు లైటు ఆరేదాకా ఏ మూతా తెరవకూడదు.

కూతురికి తొమ్మిదేళ్లు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు. అమ్మ పోయాక పిట్ట కిచకిచలు తగ్గిపోయాయి. సెలవులకు పది రోజుల ముందు ఫ్రీజర్ ముందు నిలబడి అడిగింది.

"నాన్నా, అమ్మ సూపు విమానంలోనే తాగుతాను. బెల్టు లైటు ఆరాకే."

"సరే తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆర్నెల్లలో ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ప్రయాణం నాటి పొద్దున చల్లన్న డబ్బాకు నాలుగు పొరల న్యూస్‌పేపరు చుట్టాడు, దానిపైన తువ్వాలు. తోడు వస్తున్న వాళ్లక్క బ్రెడ్డుకు వెన్న రాస్తూ ఓరగా చూసింది.

"ఒరేయ్, నిన్ను చూస్తే పసిపిల్లని ఎత్తుకెళ్తున్నాడనుకుంటార్రా."

"పసిపిల్లే అక్కా. కాకపోతే ఇది ఏడిస్తే కరిగిపోతుంది."

అక్క నవ్వబోయి, వాడి మొహం చూసి, మళ్లీ వెన్న మీద పడింది.

ట్యాక్సీ ఎక్కగానే చల్లన్న తువ్వాలు విప్పి, మూత తీసి, బొటనవేలితో నొక్కి చూశాడు. రాయి. మూసేశాడు. సిగ్నల్ దగ్గర మళ్లీ చూశాడు. రాయే. సామాను తూచే వరుసలో ఇంకోసారి. విమానం గంట ఆలస్యమన్నారు. అప్పుడు ఒకటి కాదు, మూడుసార్లు చూశాడు.

"మాటిమాటికీ తెరవొద్దని నువ్వేగా నాన్నా అందరికీ చెప్తావు?"

"తెరవట్లేదమ్మా. చూస్తున్నానంతే."

"తెరవకుండా ఎలా చూస్తారురా?" అంది అక్క. "ఇటియ్యి, నేను పట్టుకుంటా."

ఇవ్వలేదు. పాతికేళ్లుగా ఊళ్లో ప్రతి గడపలో చెప్పిన పాఠం అతనికి గుర్తుంది. చేతికి గుర్తులేదు.

తనిఖీ దగ్గర నీలం చేతితొడుగులు వేసుకున్న అమ్మాయి డబ్బాను ట్రేలోంచి తీసింది.

"ఏంటి సార్ ఇది?"

"ఐసు."

చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. "ఐసైతే మాట్లాడదు కద సార్."

మంచి మాటే. ఇంకో రోజైతే చల్లన్న ఆ మాటను ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఆమె మూత తీసి చూపించింది. నడుమ గడ్డ, చుట్టూ ఎర్రగా ఓ గ్లాసెడు కరిగింది.

"ద్రవం పంపించలేం సార్."

"అమ్మాయ్, అది చనిపోయిన మా మరదలు..." అక్క గొంతు లేచింది. చల్లన్న ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. తనిఖీ అమ్మాయి టేపు మీది రాత చదివింది. వరుస వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"గడ్డ గట్టిగానే ఉంది, అది తీసుకెళ్లండి. కరిగింది మాత్రం ఇక్కడే వదిలెయ్యాలి. పారబోసినా సరే, తాగినా సరే."

పక్కనే చెత్తబుట్ట. చల్లన్న డబ్బా పిట్ట వైపు పట్టాడు. పిట్ట చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"లైటు ఆరలేదు నాన్నా."

అక్క తల అడ్డంగా ఊపింది. "నాకొద్దురా. నువ్వే కానియ్యి."

బుట్టలో పొయ్యడానికి చెయ్యి రాలేదు. నిలబడే తాగాడు. పళ్లు జిల్లుమన్నాయి. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి అన్నీ ఉన్నాయి. ఆవిడ ఎప్పుడు చేసినదానికన్నా ఘాటుగా ఉంది. అంతకుమించి ఏమీ అనిపించలేదు. అంచున మిగిలిన చుక్క కూడా వంపుకుని తాగాడు. తనిఖీ అమ్మాయి గడ్డను వేలితో తట్టి చూసి పంపించేసింది.

విమానం లేచింది. ఈసారి డబ్బా పిట్ట ఒళ్లో ఉంది. ఒక్కసారి కూడా తెరవలేదు. కళ్లు పైన లైటు మీదే పెట్టి కూర్చుంది. టింగుమని లైటు ఆరింది. పిట్ట మూత తీసింది.

గడ్డ దాదాపు కరిగిపోయింది. ఎరుపు లేదు. బియ్యం కడిగిన నీళ్లలో ఎవరో ఓ టమాటా ముంచి తీసినట్టుంది.

అది చూడగానే చల్లన్నకు తెలిసిపోయింది. తెలియకపోతే ఫ్రిజ్‌ల పని చేస్తున్నందుకే సిగ్గుపడాలి. ఏది గడ్డకట్టినా ఉప్పూ రుచీ ఉన్న భాగమే ముందు కరుగుతుంది. పుల్లఐసును పిల్లలు పీల్చేస్తే చివరికి పుల్లకు తెల్లటి ఐసు మిగులుతుందే, అలాగ. సూపంతా తనిఖీ దగ్గరే అయిపోయింది. పైకి వచ్చింది నీళ్లు.

పిట్ట కప్పులో పోసుకుని ఓ గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"నాన్నా, అమ్మ ఉప్పు వెయ్యడం మర్చిపోయిందా?"

కిటికీలోంచి మబ్బులు కదలనట్టే కనబడుతున్నాయి. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. చల్లన్న దగ్గర మాటలకు ఎప్పుడూ లోటు లేదు.

"ఆ... హడావిడిలో మర్చిపోయుంటుందిలే."

"బ్రెడ్డుకని ఉప్పు పొట్లం తెచ్చానే పిట్టా, ఇలా పట్టు కప్పు," అంటూ అక్క పొట్లం చించబోయింది. పిట్ట అరచేత్తో కప్పు మూసేసింది.

"వద్దత్తా. అమ్మ ఎంత వేస్తే అంతే."

చిన్న చిన్న గుక్కలుగా, మధ్యమధ్య బ్రెడ్డు కొరుక్కుంటూ తాగింది. సగం అయ్యాక కప్పు తండ్రి వైపు జరిపింది. "నీకు?"

"నాకొద్దమ్మా. నువ్వు తాగు."

అతని పెదాల మీద ఇంకా ఉప్పగానే ఉంది. నాలుకతో తడుముకోకుండా కూర్చున్నాడు.

పిట్ట మొత్తం తాగేసి, డబ్బాకు మూత పెట్టింది. కాసేపాగి మూత తీసి లోపలికి చూసింది. మూసింది. మళ్లీ తీసింది.

మాటిమాటికీ తెరవకు అనడానికి చల్లన్న నోరు తెరిచాడు. మూసేశాడు.