కూకో తీసిన నలభై క్యాసెట్లు

చికాగోలో మెక్సికో వాళ్లుండే ఇరవై ఆరో వీధిలో ఏ ఆడపిల్లకు పదిహేనేళ్ల వేడుక చేసినా వీడియో తీసేది కూకోయే. ముప్పై ఏళ్లుగా అంతే. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఆ వేడుకలో కేకు ఒకరు, కిరీటం ఒకరు, బూట్లు ఒకరు తలా ఒక ఖర్చు పెట్టుకుంటారు. అలా చెయ్యి వేసిన పెద్దలను పద్రీనోలంటారు. కేకు కోసే చాకు తెచ్చిన పద్రీనోను సైతం కెమెరా ముందు నిలబెట్టి, పేరు చెప్పించి, ఆ తర్వాతే కూకో కెమెరా ఆపేవాడు. ఒక్క పేరు జారిపోతే రెండు కుటుంబాలకు మాటలుండవని ఆయనకు బాగా తెలుసు.

అలాంటివాడు ఒక శనివారం మధ్యాహ్నం నల్ల సూటు వేసుకుని, తన పేరు తెరమీద చూసుకోవడానికి బయలుదేరాడు. నగరం నడిబొడ్డున లాటినో సినిమా పండుగ జరుగుతోంది. పక్కన భార్య ఓఫెలియా. ఆమెకు ఈ పండుగ మీద మొదటినుంచీ నమ్మకం లేదు.

దీనికంతటికీ కారణం ఆల్దో కిరార్తే అనే దర్శకుడు. సినిమా కళాశాలలో చదువుకుని, రైతులు ఏనాడో మానేసిన టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని, రెండేళ్ల కిందట వాళ్లింటికి ఊడిపడ్డాడు. "మన మూలాలు, డోన్ కూకో, మన మూలాలు" అని పేరుకు ముందు మర్యాదగా డోన్ తగిలిస్తూ, ఓఫెలియా వండిన కోడి మోలే కూర మూడు ప్లేట్లు లాగించాడు. మూలాలు ఆ కోడిలో ఉంటే ఆ పూటే అయిపోయి ఉండాలి. వెళ్తూ వెళ్తూ, సినిమాకు కావాలంటూ కూకో తీసిన నలభై క్యాసెట్లు అట్టపెట్టెలో సర్దుకున్నాడు. వారంలో తెచ్చిస్తానన్నాడు. ఆ వారం రెండేళ్లయింది.

పోయిన నెల ఫోన్ చేసి, "మీ కష్టం పెద్ద తెర మీద చూస్తారు" అన్నాడు. ఇక కూకో ఆగుతాడా? మంగలి మొదలు మాంసం కొట్టువాడి దాకా చెప్పని మనిషి లేడు. పేరు ఎంతెంత అక్షరాల్లో పడుతుందని మంగలి అప్పుడే అడిగాడు. రేపు ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ అదే అడుగుతారు.

హాలు బయట రంగు కాగితాల తోరణాలు కట్టారు. తలనిండా పూలు గుచ్చుకున్న అమ్మాయిలు పళ్లేలు పట్టుకుని తిరుగుతున్నారు. టాకో రొట్టె అని చెప్పి ఓఫెలియా చేతిలో వేలెడంత ముక్క పెట్టారు.

"ఇది తినాలా, చూసి ఇచ్చెయ్యాలా?" అని అడిగిందామె.

"ఊరుకో ఓఫే. అటు చూడు!"

ఒక మూల అద్దాల పెట్టెలో నలభై క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. కింద దీపాలు కూడా పెట్టారు. చుట్టూ జనం చేరి ఫోటోలు తీసుకుంటున్నారు. కూకో ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"మరి చీటీలు గోడవైపు తిప్పి పెట్టారేం?" అంది ఓఫెలియా. ప్రతి క్యాసెట్ మీదా చీటీ రాసి అంటించింది ఆమే.

"అదో అలంకరణలే."

లోపల వేదికెక్కినావిడ ఇరవై నిమిషాలు వదల్లేదు. బ్యాంకుకు, విమానాల కంపెనీకి, సారా కంపెనీకి, వాళ్ల వైస్ ప్రెసిడెంట్లకు పేరుపేరునా దండాలు పెట్టింది. మధ్యమధ్యలో "మన సమాజం" అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంది. అదే సమాజం చివరి వరసలో స్తంభం పక్కన కూర్చుని, మెడ సాచి చూస్తోంది.

"ఇంతమంది పద్రీనోలు ఉన్నారు సరే, పిల్లేదయ్యా ముసలాయనా?" అంది ఓఫెలియా.

సినిమా మొదలైంది. మొదలైన దగ్గర్నుంచీ అంతా కూకో తీసిందే. తెల్ల గౌనులో బెదిరిపోతున్న పదిహేనేళ్ల పిల్ల యెసేనియా, ఏడుస్తూ బూట్లు తొడుగుతున్న వాళ్ల నాన్న, కేకులో వేలు పెట్టిన ముసలమ్మ. తెర వెనకనుంచి కూకో గొంతు ఖంగున మోగింది: "నవ్వమ్మా బంగారం, నీ బూట్లెవరూ ఎత్తుకుపోరులే!" హాలంతా నవ్వింది. ఆల్దో చేసిందల్లా మధ్యమధ్య వాన చప్పుడు కలిపి, పద్రీనోల పేర్లన్నీ కత్తిరించడం.

చివర్లో పేర్లు పడ్డాయి. కూకో కళ్లజోడు తగిలించుకున్నాడు. మళ్లీ బ్యాంకు, మళ్లీ సారా కంపెనీ, కాఫీ తెచ్చినవాళ్లు, ఆల్దో పెంచుకునే కుక్క. దీపాలు వెలిగాయి. ఆయన మాత్రం ఇంకేదో మిగిలి ఉంటుందని ఖాళీ తెరకేసి చూస్తూనే ఉన్నాడు.

ఆ దృశ్యాలు ఎక్కడివని ఎవరో అడిగారు. వేదిక మీద ఆల్దో టోపీ సర్దుకున్నాడు.

"పాత సామాన్ల సంతలో, వానకు తడుస్తున్న పెట్టెలో దొరికాయి. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఈ సినిమాకు ప్రాణం."

హాలు నిట్టూర్చింది. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది.

కూకో లేచి నిలబడ్డాడు. మైకు అడగలేదు.

"నవ్వమ్మా బంగారం, నీ బూట్లెవరూ ఎత్తుకుపోరులే!"

అదే గొంతు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆల్దో ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ అలాంటివాళ్లు పడ్డా మెత్తగానే పడతారు.

"అదిగో! అదే మన సమాజం గొంతు! గట్టిగా చప్పట్లు కొట్టండి!" అని అరిచాడు.

కొట్టారు. లేచి నిలబడి మరీ కొట్టారు. నువ్వెవరివి అని ఒక్కరూ అడగలేదు. కూకోకు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. మూడు ప్లేట్లు పెట్టి మేపినందుకు తనమీద తనకే రోత పుట్టింది. పక్కకు చూస్తే ఓఫెలియా సీట్లో లేదు.

బయట ఆమె అద్దం మూత ఎత్తేసి క్యాసెట్లు ఒక్కొక్కటే ఇవతలికి తిప్పుతోంది. "అమ్మా, అది ప్రదర్శన, ముట్టుకోకూడదు" అంటోంది పూల పిల్ల.

"నా చేతిరాత నేను ముట్టుకోకూడదా?"

జనం మూగారు. వెనకే కూకో వచ్చాడు. ఆల్దో పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"డోన్ కూకో, ఇదంతా కళ కోసం, అర్థం చేసుకోండి. ఈసారి వేసినప్పుడు మీ పేరు వేస్తాను. ఒట్టు."

"ఏ పేరు?"

"అదే... డోన్ కూకో అని."

"అది ఇంట్లో పిలిచే పేరు. మా వీధిలోనే ఆరుగురు కూకోలున్నారు. నా అసలు పేరు చెప్పు."

ఆల్దో చూపు క్యాసెట్ల చీటీల మీదికి పాకింది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు పైకెత్తారు. ఓఫెలియా ఒక క్యాసెట్ తీసి అతని చేతిలో పెట్టింది.

"చదువుకున్నవాడివిగా, చదువు. అందరికీ వినపడాలి."

ఆల్దో మెల్లగా చదివాడు. "రెఫూహియో వియసెన్యోర్. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, పదిహేనేళ్ల వేడుకలు. యెసేనియా బరాహాస్, పంతొమ్మిది వందల తొంభై నాలుగు."

అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకుని తిరిగి ఇచ్చాడు. కూకో కుర్చీ లాక్కుని, నొప్పిగా ఉన్న మోకాలు చాపుకుని కూర్చున్నాడు. ఓఫెలియా ఆ క్యాసెట్‌ను తన సంచిలో వేసుకుని, రెండోది అతని చేతిలో పెట్టింది.

"ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి నాయనా. కానియ్."